కాలువ చివర చౌడు

మార్చి నెలాఖరు. సూరత్‌లోని ఉధ్నాలో ఎక్కిన బండి బార్డోలీలో దింపేసరికే చొక్కా వీపుకి అతుక్కుంది. గాలి నిండా పాకం మాడిన వాసన. నాతో వచ్చిన మామయ్యది సిరిసిల్ల. సూరత్ మగ్గాల మీద ముప్పై ఏళ్ళుగా బతుకుతున్నాడు. "ఇంకా మార్చే గదరా అల్లుడూ, గీ ఎండేంది!" అంటూ తువ్వాలు నెత్తికి చుట్టుకున్నాడు.

రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లదే. రైతులు 1950లలో పెట్టుకున్న సహకార మిల్లు ఊరి అంచునే ఉంది, ఆ బారు అంతా దాని గేటుకే. ట్రాలీల పక్కన నడుస్తూ పొలాల్లోకి దిగాం. డాంగ్స్ జిల్లా నుంచి వచ్చిన కూలీలు చెరుకు నరుకుతున్నారు. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక జత, కూలి టన్నుల లెక్కన. పదకొండు కాకముందే గట్టు మీద నీళ్ళ బిందె ఖాళీ. పక్కనే కాలువ మాత్రం నిండుగా పారుతోంది.

అసలు కథ ఆ కాలువదే. 1954లో తాపీ నది మీద కాక్రాపార్ ఆనకట్ట కట్టారు, 1972లో ఉకాయ్ డ్యాం పూర్తయింది. జొన్న, పత్తి పండిన నల్లరేగడిలోకి చెరుకు దిగింది. డబ్బొచ్చింది, బంగళాలొచ్చాయి, ఊరు పెరిగింది. కానీ రేగడి నీళ్ళను ఓ పట్టాన వదలదు. ఏడాది పొడవునా తడులు పెడితే ఊట పైకొస్తుంది, ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు పైకి లాక్కొచ్చే పనీ జోరందుకుంటుంది.

కాలువ చివరి పొలంలో వంగి చూశాను. నల్లమట్టి మీద తెల్లటి పొర. గోటితో గీకితే పెళుసుగా లేచింది, నాలుకకు తగిలిస్తే చేదు కలిసిన ఉప్పన. ఆ మడిలో చెరుకు మోకాలెత్తు దాటలేదు, ఆకుల కొసలు మాడిపోయాయి.

వానాకాలంలో ఇదే నేల ముందే తడిసి ఉంటుంది కాబట్టి కుంభవృష్టి పడితే చుక్క కూడా ఇంకదు. నీళ్ళన్నీ ఖాడీల్లోకి, అంటే వాగుల్లోకి, అక్కణ్ణించి మిందోలా నదిలోకి పోవాలి. ఆ ఖాడీల ఒడ్డునే ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు. 2006 వరదకు దెబ్బతిన్న సూరత్‌కు 2012 నుంచి వాతావరణ మార్పు మీద ప్రత్యేకంగా ఒక ట్రస్టే ఉంది. 2011 లెక్కల్లో అరవై వేల జనాభా ఉన్న బార్డోలీకి ఉన్నదల్లా మున్సిపాలిటీ. నిపుణులు పెద్ద ఊళ్ళ దగ్గరే ఆగిపోతారు, వాన ఆగదు.

ఒక్కటవడం ఈ నేలకు కొత్త కాదు. పన్ను 22 శాతం పెంచితే 1928లో ఇక్కడి రైతులు ఊరూరా ఒక్కటై కట్టబోమన్నారు. వల్లభభాయ్ పటేల్ సర్దార్ అయింది ఆ పోరులోనే. చివరికి పెంపు ఆరు శాతం దగ్గరికి దిగింది. అప్పుడు ఎదురుగా ఉన్నది సర్కారు. ఇప్పుడు ఒకరి తడి నీరే ఇంకొకరి పొలంలో ఊటవుతోంది.

"నేల కింద మురుగు పైపులు వేస్తే బాగుపడుతుందంటారు కదా, కాకా?" అని ఆ చౌడు పొలం ఆసామిని హిందీలో అడిగాను.

ఆయన నవ్వాడు. "వేస్తా భాయ్. ఆ నీళ్ళు ఎక్కడ వదలను? కింద పొలం మా అన్నది. ఖాడీ దాకా పైపు పోవాలంటే నలభై మంది ఒప్పుకోవాలి. చెరుకైతే నేనొక్కణ్ణే వేసుకోవచ్చు."

వచ్చే కారుకి కూడా అదే మడిలో చెరుకేనట.