విండోస్ 10 వదిలి లినక్స్‌కు మారితే: మన డీటీపీ షాపుల్లో తెలుగు, ఉర్దూ పని ఎలా?

గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట వైపు గానీ, చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు బజార్లలో గానీ ఏ చిన్న డీటీపీ షాపుకు వెళ్ళినా పని దాదాపు ఒకటే. మిర్చి కమీషన్ కొట్ల బిల్లు పుస్తకాలు, జిన్నింగ్ మిల్లు లేబుళ్ళు, విత్తనాల షాపు కరపత్రాలు, నిఖా, వలీమా కార్డులు, మదరసా జల్సా పోస్టర్లు. రంజాన్ ముందు సహరీ, ఇఫ్తార్ టైం టేబుళ్ళు. మన కుటుంబాల్లో ఎంతోమంది ఇంట్లోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని ఈ పని మీద బతుకుతున్నారు.

ఈ కంప్యూటర్లకు ఇప్పుడొక చిక్కు వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇళ్ళలో వాడేవారికి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం పెట్టినా, దాని గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచి ఉండాలి. పాత మెషీన్లు చాలావరకు ఇందులోకి రావు. కొత్తది కొనలేనివారు ఉచితంగా దొరికే లినక్స్ వైపు చూస్తున్నారు. అక్కడ పేజ్‌మేకర్, ఇన్‌పేజ్, అను ఫాంట్ల పని ఎలా సాగుతుందో ఇక్కడ వరసగా చూద్దాం.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో తెలుసుకోండి

పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద వెర్షన్ రాలేదు. అంటే మనం రోజూ వాడుతున్నది ఇరవై ఏళ్ళు దాటిన సాఫ్ట్‌వేర్.

ఉర్దూ వైపు కథ వేరు. ఒకప్పుడు ఉర్దూ పత్రికలు కాతిబ్‌ల చేతిరాతతోనే వచ్చేవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను కంప్యూటర్‌కు తెచ్చారు. 1994లో ఢిల్లీ కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఇన్‌పేజ్ ఆ నస్తాలీఖ్‌ను చిన్న షాపుల దాకా చేర్చింది.

ఈ రెండూ లినక్స్‌కు విడిగా రాలేదు. అయితే సాఫ్ట్‌వేర్ కంటే పెద్ద చిక్కు ఫాంట్లది. అను వంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన పద్ధతి అది. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఇన్‌పేజ్ పాత వెర్షన్ల ఫైళ్ళదీ ఇంచుమించు ఇదే సంగతి, ఇన్‌పేజ్ 3 నుంచి యూనికోడ్ వచ్చింది. కాబట్టి మారడమంటే ఒక ప్రోగ్రాం బదులు ఇంకోటి పెట్టుకుంటే అయిపోదు, యూనికోడ్‌కు రావాలి.

దేనికి బదులు ఏది?

పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్‌కు బదులు: స్క్రైబస్. ఉచితం, లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. పేజీలు, మాస్టర్ పేజీలు, కాలమ్‌లు, సీఎంవైకే రంగులు, క్రాప్ మార్కులు, ప్రెస్‌కు పంపే పీడీఎఫ్ అన్నీ ఉన్నాయి. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు, ఉర్దూ అక్షరాలు సరిగా కలిసేవి కావు. 1.5 వరుసలో ఆ సదుపాయం చేరింది, 2024 జనవరిలో వచ్చిన 1.6లో అది స్థిరపడింది. అందుకని 1.6 లేదా ఆ తర్వాతిదే పెట్టుకోండి.

కోరల్‌డ్రాకు బదులు: ఇంక్‌స్కేప్. కార్డు బార్డర్లు, లోగోలు, స్టిక్కర్లు, లేబుళ్ళకు బాగుంటుంది. రంగులు మాత్రం ప్రధానంగా ఆర్‌జీబీలోనే చూస్తుంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ పనైతే డిజైన్ ఇందులో గీసి, చివరి పేజీ స్క్రైబస్‌లో కట్టండి. ఒకే రంగు స్క్రీన్ ప్రింటింగ్‌కు ఈ గొడవ లేదు, నలుపులో ట్రేసింగ్ తీస్తే చాలు.

ఫోటోషాప్‌కు బదులు: జింప్, లేదా క్రిటా. ఫ్లెక్సీ బ్యానర్ పనికి టిఫ్ లేదా జేపెగ్ ఇస్తే సరిపోతుంది గనుక అక్కడ ఇబ్బంది తక్కువ.

ఇన్‌పేజ్‌కు బదులు: అచ్చంగా అలాంటి ఉచిత ప్రోగ్రాం ఒక్కటీ లేదు. కార్డు, పోస్టర్ అయితే స్క్రైబస్‌లో పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చి, యూనికోడ్ నస్తాలీఖ్ ఫాంట్ వాడాలి. పొడుగు వ్యాసాలు, సర్క్యులర్లకు లిబ్రేఆఫీస్ రైటర్ తేలిక.

లిబ్రేఆఫీస్‌లో ఒక కిటుకు గుర్తుంచుకోండి. అది తెలుగునూ ఉర్దూనూ ఒకే గుంపు కింద లెక్కవేస్తుంది. ఆ గుంపుకు డిఫాల్ట్ ఫాంట్ ఒకటే ఉంటుంది. రెండు భాషల కార్డు చేసేటప్పుడు తెలుగుకు ఒక క్యారెక్టర్ స్టైల్, ఉర్దూకు ఒకటి ముందే తయారుచేసుకుంటే ఫాంట్లు కలగాపులగం కావు.

ఫాంట్లు, కీబోర్డు

తెలుగులో సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, మండలి, ఎన్‌టీఆర్, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. కార్డు హెడ్డింగ్‌కు రామభద్ర, లోపలి మేటర్‌కు మండలి పెట్టి చూడండి. అను ఫాంట్లలో ఉన్నన్ని రకాలు ఇంకా లేవన్నది నిజమే. అయినా రోజువారీ పనికి లోటు రాదు.

ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ, గుల్జార్ ఉచితంగా దొరుకుతాయి. నస్తాలీఖ్ అక్షరం ఏటవాలుగా కిందికి దిగుతుంది గనుక లైన్ల మధ్య జాగా తెలుగు కంటే బాగా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై లైను నుక్తాలు కింది లైనులో పడతాయి. అరబీకి అమీరీ, షెహెరజాద్ న్యూ బాగుంటాయి.

కీబోర్డు విషయంలో భయపడేవారు ఎక్కువ. లినక్స్‌లో ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. అనులో యాపిల్ కొట్టే అలవాటున్నవారు ముందు దీన్నే ప్రయత్నించండి. కొన్ని కీలు తేడాగా ఉంటే ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. ఉర్దూకు ఫొనెటిక్ లేఅవుట్ కూడా ఉంది.

పాత ఫైళ్ళను ఏం చేయాలి?

ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. పాత విండోస్ తీసేయకముందే ఈ పనులు పూర్తి చేయండి:

1. మళ్ళీ ఆర్డర్ వచ్చే ప్రతి పేజ్‌మేకర్, ఇన్‌పేజ్, కోరల్ ఫైలునూ పీడీఎఫ్‌గా తీసిపెట్టుకోండి. ఫాంట్లు పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయ్యాయో లేదో ఇంకో మెషీన్‌లో తెరిచి చూడండి.
2. ఇన్‌పేజ్ 3 ఉంటే మేటర్‌ను యూనికోడ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అను మేటర్‌కు కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, అరసున్న, అంకెలు ఒక్కొక్కటిగా సరిచూడండి.
3. అసలు ఫైళ్ళు, పీడీఎఫ్‌లు రెండూ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసి పక్కన పెట్టండి.

స్క్రైబస్, లిబ్రేఆఫీస్ డ్రా రెండూ పేజ్‌మేకర్ ఫైళ్ళను కొంతవరకు తెరుస్తాయి. కోరల్ ఫైళ్ళను ఇంక్‌స్కేప్ కొంతవరకు తెరుస్తుంది. గీతలు, బాక్సులు వస్తాయి గానీ తెలుగు మేటర్ సరిగా వస్తుందని నమ్ముకోవద్దు. ఇన్‌పేజ్ ఫైలును ఇవేవీ నేరుగా తెరవవు.

తప్పనిసరిగా పాత ప్రోగ్రామే కావాలంటే రెండు దారులు. ఒకటి వైన్: దీని ద్వారా కొన్ని విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌లో నడుస్తాయి, అన్నీ నడవవు. రెండోది వర్చువల్‌బాక్స్: లినక్స్ లోపలే పాత విండోస్‌ను ఒక కిటికీలో నడపడం. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ ఆపేసి ఉంచితే వైరస్ భయం తగ్గుతుంది. లైసెన్స్ డాంగిల్ ఉంటే అది అక్కడ గుర్తిస్తుందో లేదో ముందే పరీక్షించాలి. 8 జీబీ ర్యామ్ ఉంటే వర్చువల్‌బాక్స్ సుఖంగా నడుస్తుంది.

ఆయత్ ఉన్న కార్డు అయితే

నిఖా కార్డు మీద బిస్మిల్లా, సూరా రూమ్ ఆయత్ వేయించుకోవడం మన ఇళ్ళలో మామూలే. ఫాంట్ మారినప్పుడు ఒక జేర్, ఒక జబర్ జారిపోయినా అర్థం మారిపోవచ్చు. మామూలు మేటర్‌లో అచ్చుతప్పు వస్తే క్షమాపణ చెప్పుకోవచ్చు, ఇక్కడ అలా కుదరదు. అందుకని:

- ఆయత్‌ను చేత్తో టైప్ చేయకండి, పాత ఫైలు నుంచి కన్వర్ట్ చేయకండి. తన్‌జీల్ ప్రాజెక్టు సరిచూసి ఇస్తున్న యూనికోడ్ ఖుర్ఆన్ పాఠం నుంచి తీసుకోండి.
- ప్రెస్‌కు పంపే పీడీఎఫ్‌లో ఫాంట్లను ఔట్‌లైన్ చేయండి. స్క్రైబస్ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో ఆ ఆప్షన్ ఉంది. అప్పుడు ప్రెస్ వారి మెషీన్‌లో ఫాంట్ మారే ప్రమాదం ఉండదు.
- స్క్రీన్ మీద చూసి సరే అనుకోవద్దు. ప్రింట్ తీసి మసీదు ఇమాం గారికో, ఇంట్లో హాఫిజ్ ఉంటే వారికో చూపించాకే ప్లేట్‌కు పంపండి.

ఒక్కసారిగా మారకండి

లినక్స్ మింట్ వంటిదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా ముందు నడిపి చూడొచ్చు. అప్పుడే ప్రింటర్ పరీక్షించండి. చాలా షాపుల్లో ఉన్న కానన్ ఎల్‌బీపీ 2900 పెట్టగానే పని చేయకపోవచ్చు, దానికి క్యాప్ట్ డ్రైవర్ విడిగా ఎక్కించుకోవాలి. స్కానర్‌నూ అలాగే చూసుకోండి.

తర్వాత విండోస్ మీదే స్క్రైబస్, ఇంక్‌స్కేప్ ఎక్కించి ఒక నెల చిన్న పనులు వాటిలో చేయండి. ముందు విజిటింగ్ కార్డు, ఆ తర్వాత బిల్లు పుస్తకం, చివరికి రెండు భాషల నిఖా కార్డు. చేయి తిరిగాక లినక్స్‌కు వెళితే కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే మిగులుతుంది. మిర్చి సీజన్ మధ్యలోనో, రంజాన్‌కు పది రోజుల ముందో మాత్రం మారవద్దు.

మ్యాక్ కొనగలిగినవారికి ఇన్‌డిజైన్ ఉంది. అందులో పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటేనే యూనికోడ్ తెలుగు, ఉర్దూ అక్షరాలు సరిగా కలుస్తాయి. నెలనెలా చందా కట్టాలి.

మారడానికి కష్టం ఉందన్నది నిజమే. దాని వల్ల లాభమూ ఉంది. యూనికోడ్‌లో ఒకసారి కొట్టిన మేటర్ కార్డుకూ, వాట్సాప్‌కూ, వెబ్‌సైటుకూ అదే పనికొస్తుంది. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష అయింది. రెండు భాషలూ శుభ్రంగా యూనికోడ్‌లో చేయగల షాపుకు పని తగ్గదు. పైగా ఈ ప్రోగ్రాములన్నీ హక్కుగా ఉచితం. దొంగ కాపీ వాడుతున్నామన్న బెరుకు లేకుండా సంపాదించుకోవచ్చు.