గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది బడి గంట కాదు, గ్రౌండులో చెట్టు కాదు. 2012లో మా 1988 బ్యాచ్ వాళ్లం పోగుచేసి బడికి ఇచ్చిన పది పాత కంప్యూటర్లు.

నెల తిరక్కుండానే సైన్సు టీచర్ గారు ఫోన్ చేశారు. "సార్, నాలుగు కంప్యూటర్లు చెడిపోయాయండీ. భూగోళం తిప్పి చూపించే పాఠం తెరిస్తే ఏదో ఎర్రర్ వచ్చి మూసుకుపోతోంది. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వైర్లు కదిపాడట. హెడ్మాస్టరు గారు గదికి తాళం వేయించారు" అన్నారు.

సెలవు పెట్టి వెళ్లాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. తెర మీద ఇంగ్లీషులో ఒకే ముక్క ఉంది. గ్రాఫిక్స్ డివైసు విఫలమైందని దాని అర్థం. అసలు సంగతేమిటంటే, ఆ నాలుగింటిలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ లేదు. అంతే. కంప్యూటర్లు చెడలేదు, కుర్రాడు చేసిన పాపమూ లేదు. ఆ ముక్క రాసింది నేను కాదు. కానీ ఉద్యోగంలో ఏళ్ల తరబడి నేను రాసినవీ అలాంటి ముక్కలే. అందుకే ఈ చరిత్ర మీతో పంచుకోవాలనిపించింది.

తెర మీద బొమ్మ కూడా మన వాకిట్లో ముగ్గులాంటిదే, చుక్కల లెక్క. అడ్డంగా 1024, నిలువుగా 768 ఉన్న తెర మీద 7,86,432 చుక్కలు. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చాలంటే 4 కోట్ల 71 లక్షల చుక్కల రంగు తేల్చాలి. మామూలు ప్రాసెసర్ ఈ పని చేయలేక కాదు. ఒక్క మనిషి కూర్చుని వీధి పొడవునా ముగ్గు పెట్టినట్టు ఆలస్యమవుతుంది. గ్రాఫిక్స్ చిప్ అయితే సంక్రాంతి తెల్లవారుజామున వీధిలోని ఆడవాళ్లందరూ ఒక్కసారే పెట్టినట్టు పని పంచుకుంటుంది.

1996లో వచ్చిన క్వేక్ ఆటలో ఈ లెక్కంతా ప్రాసెసరే చేసేది. అదే ఏడాది త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు వచ్చింది. 1997లో ఆ కార్డుల కోసం క్వేక్‌కు జీఎల్‌క్వేక్ అనే వేరే రూపం వెలువడింది. కార్డు ఉన్నవాళ్లు ఒకటి, లేనివాళ్లు ఒకటి ఆడుకున్నారు. 1999లో మూడో క్వేక్ వచ్చేసరికి కార్డు తప్పనిసరైంది. లేనివాళ్లకు తలుపు మూసుకుంది.

అప్పటికే ఇంకో దారి కూడా ఉంది. బ్రయన్ పాల్ అనే ప్రోగ్రామర్ 1993లో మొదలుపెట్టి 1995లో అందరికీ ఇచ్చిన మెసా అనే లైబ్రరీ, కార్డు చేయాల్సిన పనిని ప్రాసెసర్ చేతనే చేయించేది. వేగం తగ్గేది గానీ బొమ్మ వచ్చేది.

2007లో విండోస్ విస్టా మరో పద్ధతి పట్టింది. తగిన గ్రాఫిక్స్ ఉంటే అద్దంలా మెరిసే ఏరో కిటికీలు, లేకపోతే సాదా కిటికీలు. పని ఆగలేదు. అయితే పక్కింటివాళ్ల విస్టా మెరుస్తుంటే తమది ఎందుకు మెరవడం లేదో చాలామందికి అర్థం కాలేదు.

లినక్స్ వాడేవాళ్లకు 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. యాక్సిలరేషన్ లేకపోతే అది పాత తరహా తెరను చూపించేది. దాంతోపాటు ఒక సందేశం కూడా పెట్టేది. హార్డ్‌వేరో డ్రైవరో సరిపోకపోవచ్చని కారణం చెప్పడం మంచిదే. కానీ గ్నోమ్ 3 లోడ్ కాలేదన్నది దాని శీర్షిక. ఎదురుగా తెర నిక్షేపంగా పనిచేస్తున్నా, చదివినవాడి గుండెల్లో రాయి పడేది. మరుసటి ఏడాది ఫెడోరా 17లో మెసాలోని ఎల్ఎల్‌వీఎంపైప్ సాయంతో, కార్డు లేకున్నా కొత్త తెరే నడిచింది. 2013లో గ్నోమ్ 3.8 ఆ పాత తెరను తీసేసింది.

క్రోమ్ బ్రౌజరు కూడా 2012 నుంచి స్విఫ్ట్‌షేడర్ అనే సాఫ్ట్‌వేరుతో ఇదే పని చేసింది. యాక్సిలరేషన్ ఉందో లేదో చెప్పే పేజీ క్రోమ్‌లో ఉంది, కానీ దాన్ని వెతుక్కుని తెరిచేది మాలాంటి వాళ్లమే. మామూలు మనిషికి కనిపించేది ఒక్కటే, కంప్యూటరు నెమ్మదించడం.

తలుపు మూయడం, చెప్పకుండా సర్దేయడం, చెప్పి భయపెట్టడం. మా వృత్తిలో మేము ఇన్నేళ్లుగా తిరిగింది ఈ మూడింటి మధ్యనే. మనిషికి కావలసినవి నిజానికి మూడు మాటలు. ఏది లేదు? ఏది ఇంకా పనిచేస్తుంది? ఇప్పుడేం చేయాలి? ఈ మూడూ చెప్పకపోతే, ఖాళీగా ఉన్న చోట జనం తమకు తోచిన కారణం పెట్టుకుంటారు. మన బడిలో ఆ కారణం ఎనిమిదో తరగతి పిల్లవాడయ్యాడు.

ఆ రోజు ప్రోగ్రాం పక్కన మెసా పెట్టాను. భూగోళం తిరిగింది, ఎడ్లబండిలా. తర్వాత హెడ్మాస్టరు గారి ముందే ఆ కుర్రాణ్ణి పిలిపించి, నాలుగు తెల్ల కాగితాల మీద రాయించి నాలుగు మానిటర్లకూ అంటించాను: "ఈ కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు లేదు. భూగోళం మెల్లగా తిరుగుతుంది. మిగతావన్నీ మామూలే. కాసేపు ఆగండి. ఇది ఎవరి తప్పూ కాదు." చివరి వాక్యం నేను చెప్పలేదు. వాడే కలిపాడు. హెడ్మాస్టరు గారు చదివి, వాడి భుజం తట్టి, తాళంచెవి టీచర్ గారికి ఇచ్చేశారు.

మన బడి నుంచి సాఫ్ట్‌వేరులోకి వెళ్లిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మనవి. ఈసారి ఎర్రర్ సందేశం రాసేటప్పుడు, తాళం వేసిన ఆ గదినీ, బయట తల వంచుకుని నిలబడిన ఆ కుర్రాణ్ణీ ఒక్కసారి తలుచుకోండి.

— 1988 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి