ఉటంకింపులో ‘అని’ హద్దు: కొల్లేటి పూర్వచరిత్రకు మూడు ఆధారాలు

ప్రాచీన పాఠాన్ని వ్యాసంలో ఉటంకించే రచయిత రెండు బాధ్యతలు వహించవలసి ఉంటుంది. ఉద్ధరించిన మాటలు తన వాక్యంలో అతుకు తెలియకుండా ఇమడాలి. ఆ మాటలు ఎక్కడ ముగిశాయో, తన వ్యాఖ్య ఎక్కడ మొదలైందో పాఠకుడికి స్పష్టం కావాలి. మొదటిది శైలికి, రెండవది ప్రామాణ్యానికి సంబంధించినవి. తెలుగు వాక్యంలో ఈ రెండూ కలిసే చోటు ‘అని’ అనే అనుకారకం. దానికి ముందున్న ప్రతి మాటకూ చివరి క్రియకు కర్త అయినవాడే బాధ్యుడవుతాడు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల పూర్వచరిత్రకు తరచుగా చూపే మూడు ఆధారాల ద్వారా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ఆధారం ఐహొళె మేగుటి జైనాలయంలోని రెండవ పులకేశి ప్రశస్తి. శక సంవత్సరం 556లో, అంటే క్రీ.శ. 634–35లో, రవికీర్తి దీనిని సంస్కృతంలో రచించాడు. ‘పులకేశి కొల్లేటి సరస్సు వద్ద విష్ణుకుండినులను ఓడించాడని ఐహొళె శాసనం చెబుతున్నది’ అనే తరహా వాక్యం చదవడానికి ఎంతో సాఫీగా ఉంటుంది. మూలాన్ని చూస్తే అక్కడ ఉన్నది ‘జలం’ అనే మాట, దానికి ‘కౌనాళం’ అనే విశేషణం. ఏనుగుల గుంపులతో నిండి, క్షతగాత్రుల నెత్తుటితో ఎర్రబారిన ఆ నీటిని కవి సంధ్యారాగం కమ్మిన ఆకాశంతో పోల్చాడు. సరస్సు అనే మాట గానీ శత్రువు పేరు గానీ ఆ శ్లోకంలో లేవు. కునాళమంటే కొల్లేరని ఎపిగ్రాఫియా ఇండికా ఆరవ సంపుటంలో గుర్తించినవాడు కీల్‌హార్న్. విష్ణుకుండినుల పేరు తరువాతి చరిత్రకారుల ఊహ. ఒక్క ‘అని’ ముగ్గురి మాటలను శాసనం నోట పెట్టింది.

కీల్‌హార్న్ గుర్తింపు బలహీనమని దీని అర్థం కాదు. ప్రశస్తిలో కళింగ, కోసలాల తరువాత పిష్టపురం, దాని వెంటనే కునాళం, ఆపైన కాంచీపురపు పల్లవుడు వస్తారు. ఉత్తరం నుండి దక్షిణానికి సాగే ఈ క్రమంలో పిఠాపురానికీ కంచికీ నడుమ కొల్లేరు సహజంగా కుదురుతుంది. అయితే ఈ బలం శ్లోకాల వరుస నుండి వచ్చింది. ఒక్క శ్లోకాన్ని విడదీసి చూపితే ఆ బలం పాఠకుడికి అందదు. కాబట్టి, ‘కునాళ జలాలు రక్తవర్ణమయ్యాయని రవికీర్తి వర్ణించాడు, పిష్టపురం తరువాత పేర్కొన్న ఈ కునాళం కొల్లేరేనని కీల్‌హార్న్ గుర్తించాడు’ అని రాయడం మేలు. ఇద్దరు కర్తలకు రెండు ‘అని’లు ఏర్పడ్డాయి. వాక్యపు నడక కూడా చెడలేదు.

రెండవ ఆధారం సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనం. హరిషేణుడు పన్నెండుగురు దక్షిణాపథ రాజులను ఒకే దీర్ఘసమాసంలో కూర్చాడు. అందులో మూడవవాడు ‘కౌరాలక మంటరాజు’. 1888లో ఫ్లీట్ దీనిని ‘కైరాలక’కు లేఖకదోషంగా భావించి కేరళమన్నాడు. కీల్‌హార్న్ ‘కౌనాళక’ అని సవరించి, ఇక్కడ కూడా కొల్లేటినే చూశాడు. సవరించిన రూపాన్ని సూచన లేకుండా ఉటంకిస్తే శిలాక్షరం మరుగున పడి, పరిశోధకుని ప్రతిపాదనే పాఠమై కూర్చుంటుంది.

ఇక్కడ మరొక చిక్కు కూడా ఉంది. అదే సమాసంలో తొమ్మిదవవాడు ‘వైంగేయక హస్తివర్మ’. అతడు వేంగిని ఏలిన శాలంకాయనుడు. వేంగి నేటి పెదవేగి. ఏలూరుకు ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉంది. వేంగిని వేరుగా పేర్కొన్నాక, దాని పొరుగునే ఉన్న కొల్లేటికి మరొక రాజు ఎలా ఉంటాడని హేమచంద్ర రాయ్‌చౌధురి ఆక్షేపించాడు. పైగా ఈ జాబితాలో కౌరాలం పిష్టపురానికి ముందే వస్తుంది. కంచి వేంగికి ముందున్నందున వరుసను మాత్రమే నమ్మి నిర్ణయించలేము. అయినా సమాసాన్ని ‘కౌరాలక మంటరాజు’ వద్ద తెంచి తన వాక్యంలో అతికించిన రచయిత, ప్రతివాదానికి ఆధారమైన భాగాన్ని తెలియకుండానే తొలగించినవాడవుతాడు. సమాసం విరుపుకు లొంగుతుంది కాబట్టే దానిని విరిచేచోట జాగ్రత్త అవసరం.

మూడవది దండి దశకుమారచరితం. అందులో ఆంధ్రనగరం, దానికి చేరువలో హంసలు, సారసాలు గల విశాల సరస్సు, జయసింహుడనే రాజు కనిపిస్తారు. ఆ నగరం వేంగి, ఆ సరస్సు కొల్లేరు అని పలువురు తలచారు. కాని ‘దండి కొల్లేటిని వర్ణించాడు’ అనడం రెండు విధాల తొందరపాటు. సరస్సుకు అక్కడ పేరు లేదు. పైగా ఆ మాటలు చెబుతున్నది మంత్రగుప్తుడనే పాత్ర. ప్రియురాలి దంతక్షతాలతో పెదవులు నొచ్చినందున అతడు ఓష్ఠ్యాక్షరాలు లేకుండా కథ చెబుతాడు. అంటే అక్కడి పదాల ఎంపికను స్థలవర్ణనతో పాటు ఈ నియమం కూడా శాసిస్తున్నది. ఎవరు, ఏ నియమానికి లోబడి పలికారో చెప్పకుండా ఆ వర్ణనను భౌగోళిక సాక్ష్యంగా ఉటంకించరాదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఉటంకింపు ఇమడడానికి పాటించవలసిన పద్ధతి తేలుతుంది. మూలంలోని మాటకు, సవరణకు, గుర్తింపుకు వేర్వేరు కర్తలను చూపాలి. ‘వర్ణించాడు’, ‘సవరించాడు’, ‘గుర్తించాడు’, ‘ఊహించాడు’ అనే క్రియలను వాటి బరువెరిగి వాడాలి. ఉద్ధరించిన భాగానికి ముందువెనుకలు వాదాన్ని ప్రభావితం చేసేటప్పుడు వాటిని ఒక్క వాక్యంలోనైనా సూచించాలి. కొల్లేరు రెండు ప్రశస్తుల్లో, ఒక కథలో ఉన్నదని చెప్పడం స్థానిక చరిత్రకు గౌరవంగానే తోచవచ్చు. ఐహొళె సాక్ష్యం బలమైనది, అలహాబాదు సాక్ష్యం వివాదాస్పదం, దండి సాక్ష్యం సంభావ్యం మాత్రమే అని తారతమ్యం చూపినప్పుడే ఆ చరిత్ర పరీక్షకు నిలుస్తుంది.