ఊరూరా తిరిగిన పాట



మిరపకాయల కల్లం ఎప్పుడైనా చూశారా? మాది ప్రత్తిపాడు. కాకినాడ వైపు కూడా ఒక ప్రత్తిపాడు ఉంది గనుక ముందే చెప్పేస్తున్నాను, మాది గుంటూరు ప్రత్తిపాడు. నల్లరేగడి నేల, పత్తి, మిర్చి. కాయ కోతకొచ్చిన రోజుల్లో కల్లం నిండా ఆరబోసి, ఆడవాళ్ళు వరసగా కూచుని తాలుకాయలు ఏరుతూ ఉంటారు. ఆ ఘాటుకు కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చెయ్యాల్సిందే. అలా ఏరుతూనే మా నాయనమ్మ ఒక పాట పాడేది. తను ఒక చరణం అనేది, మిగతా వాళ్ళంతా పల్లవి అందుకునేవారు. పల్లవిలో దేవుణ్ణి పిలవడం ఉండేది కనుక నేనది భజన పాటే అనుకున్నాను చాలా ఏళ్ళు. హైస్కూల్లో మాస్టారు ఆ పాట పేరు చెప్పినప్పుడు తెల్లబోయాను. అది “మాకొద్దీ తెల్లదొరతనము”. రాసినాయన గరిమెళ్ళ సత్యనారాయణగారు.

చదువు రాని మా నాయనమ్మకు ఈ పాట ఎవరు నేర్పారు? పుస్తకంలో చూసి నేర్చుకునే అవకాశమే లేదు కదా! ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే తెలిసిన కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

గరిమెళ్ళవారిది శ్రీకాకుళం సీమ. నరసన్నపేట దగ్గర గోనెపాడులో 1893లో పుట్టారు. లేని సంసారం. ఒక వకీలుగారి చేయూతతో బి.ఏ. దాకా చదివారు. గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తా పని, విజయనగరంలో హైస్కూలు మాస్టరు పని చేశారు. ఆ తరవాత ఉపాధ్యాయ శిక్షణకని రాజమండ్రి వెళ్ళారు. అది పూర్తయితే నెల జీతం, నీడపట్టున కాపురం, మన ఇళ్ళల్లో ఆడపిల్లల తండ్రులు వెతికే సంబంధం లాంటి జీవితం! ఇంతలో 1920లో కలకత్తా కాంగ్రెసులో గాంధీగారు సహాయ నిరాకరణ అన్నారు. ఈయన శిక్షణ వదిలేసి బయటికొచ్చేశారు. ఆ వేడిలో పుట్టిందే ఈ పాట.

అంతకు ముందు తెలుగులో దేశభక్తి లేకపోలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు చెప్పిన పద్యం మీలో చాలామందికి వచ్చు. దేశాన్ని పాడియావుతో, ప్రజల్ని పాలు దొరకని లేగదూడలతో పోల్చిన పద్యం అది. చక్కటి పద్యం, కాదనను. కానీ పద్యం ఎత్తుకోవాలంటే కాస్త చదువుండాలి, గొంతుండాలి, నలుగురిలో నిలబడే చొరవుండాలి. ఒకరు చదివితే మిగతావాళ్ళు వినాలి, అంతే. గరిమెళ్ళవారు పద్యం జోలికి పోలేదు, భజన పద్ధతి పట్టుకున్నారు. ఒకరు చరణం చెబితే వందమంది పల్లవి అందుకోవచ్చు. చరణాలు రాకపోయినా ఫరవాలేదు, పల్లవి వస్తే మీరూ పాడినవాళ్ళలో ఒకరే. రామమందిరం ముందు ఏళ్ళ తరబడి కూచుని తాళం వేసిన జనానికి కొత్తగా నేర్పాల్సింది ఏముంది? దేవుడికి మొర పెట్టుకునే అదే గొంతుతో ఈసారి దొరతనం మీద మొర పెట్టుకున్నారు.

ఇక భాష అంటారా, అది అప్పటి పండితుల భాష కాదు. గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడుతున్న రోజులవి. ఆయనదీ శ్రీకాకుళం వైపే. వాదం ఆయన చేశారు, ఈ పాట దాన్ని వీధిలో చేసి చూపించింది అని నాకనిపిస్తుంది.

పాటలో ఏముందో వరస తప్పినా చెప్తాను. పెద్దపెద్ద మాటలు లేవండీ, సిద్ధాంతాలు లేవు. అంతా వంటింటి గోడు. దేశమంతా పంట పండుతున్నా మనకు తినడానికి ముద్ద కరవైందని ఉంది. ఉప్పు తాకితే నేరమైపోయిందని, కుక్కలతో పోటీపడి కూడు తినాల్సిన గతి పట్టిందని ఉంది. దొరతనం కల్లు, సారా అమ్మించి డబ్బు చేసుకుంటూ ఆడదాని మెడలో పుస్తెల దాకా వచ్చిందని ఉంది. ఉప్పు, బియ్యం, పుస్తెలు! ఇవి ఏ ఆడదానికి అర్థం కావు? ఉప్పు మాట ప్రత్యేకంగా గమనించండి. గాంధీగారు దండికి నడిచింది 1930లో. దానికి తొమ్మిదేళ్ళ ముందే ఈ పాటలో ఉప్పు గొడవ ఉంది.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, ఏమీ అనుకోకండి. మా మనవడు ఎప్పుడూ చెవులకు ఏవో తగిలించుకుని ఇంగ్లీషు పాటలు వింటుంటాడు. ఒకరోజు నాకూ వినిపించాడు. “సోల్” అంటారట, అమెరికాలో నల్లజాతివారి సంగీతం. వాళ్ళ చర్చి భజనల్లోంచి పుట్టిందట. ఒకరు అనడం, అందరూ అందుకోవడం. తరవాత తెల్లవాళ్ళ రాక్ పాటలక్కూడా ఆ పోకడ పాకింది. వింటుంటే నాకు మిర్చి కల్లం గుర్తొచ్చింది! “వుయ్ షల్ ఓవర్‌కమ్” అనే పాట మీకు తెలిసే ఉంటుంది, మన పిల్లలు బళ్ళో హిందీలో పాడుతుంటారు. అదీ చర్చి పాటల వేరు నుంచి వచ్చిందే. 1945లో చార్ల్‌స్టన్ అనే ఊళ్ళో పొగాకు ఫ్యాక్టరీ కూలీలు సమ్మె కట్టి అది పాడారు, వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. గుంటూరు జిల్లా ఆడవాళ్ళకు పొగాకు గ్రేడింగు గురించి నేను చెప్పాలా? దేవుడి పాటలోకి కూలిబాధ చేరడం వాళ్ళకొక్కరికే జరిగిన వింత కాదు, మనకు ఇంకా ముందే జరిగింది.

సరే, కథలోకి వద్దాం. గరిమెళ్ళవారు పాట రాసి ఊరుకోలేదు. స్వయంగా వీధుల్లో నిలబడి పాడేవారు. జనం మూగేవారు, వాళ్ళూ పాడేవారు. విన్నవాళ్ళు తమ ఊరు తీసుకెళ్ళేవారు. సర్కారుకు గుబులు పుట్టి ఆయన్ని పట్టుకుంది. అప్పటి కలెక్టరు బ్రేకన్ దొర ఆయన్ని పిలిపించి పాట పాడించుకుని విన్నాడనీ, తెలుగు రాకపోయినా దాని బలం తనకు తెలిసిందన్నాడనీ చెప్పుకుంటారు. బలం తెలిసినవాడు వదులుతాడా? 1922లో ఏడాది కఠిన శిక్ష. బయటికొచ్చి మళ్ళీ పాడారు. ఈసారి రెండున్నరేళ్ళు. ఒక్క పాటకు మూడున్నరేళ్ళ జైలు! పుస్తకాల్లో ఇది చదివినప్పుడల్లా అందరూ ఆయన త్యాగమంటారు. నాకు మాత్రం ముందుగా ఆ ఇంటి పొయ్యి గుర్తుకొస్తుంది.

ఆ రోజుల్లోనే మా సీమలో ఏం జరిగిందో చెప్పాలి. ప్రత్తిపాడుకు పక్కనే పెదనందిపాడు. అప్పట్లో బాపట్ల తాలూకా కింద ఉండేది. 1921 చివర్లో, 1922 మొదట్లో ఆ ఫిర్కా రైతులు సర్కారుకు పన్ను కట్టమని భీష్మించారు. ముందు నిలబడినాయన పర్వతనేని వీరయ్య చౌదరిగారు, “ఆంధ్ర శివాజీ” అన్నారు ఆయన్ని. ఊళ్ళ మునసబులు, కరణాలు రాజీనామాలు పడేశారు. శాంతిసేన అని వాలంటీర్లు ఊరూరా కాపలా తిరిగారు. రూథర్‌ఫర్డ్ అనే అధికారిని పంపారు, సైన్యాన్ని కవాతు చేయించారు. ఆస్తులు జప్తు చేసి వేలం వేస్తే పాడుకునే నాథుడు లేడు. చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఊరే ఖాళీ చేసి పాకల్లో ఉన్నారు. పల్నాడులో పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్ళకు బలయ్యాడు.

మా నాయనమ్మ పుట్టిల్లు పెదనందిపాడు దగ్గర పల్లె. అప్పటికి తనకు పన్నెండు, పదమూడేళ్ళు. జప్తువాళ్ళు వస్తున్నారంటే వాళ్ళమ్మ ఇత్తడి బిందెలు, గుండిగలు పత్తికుప్పలో దూర్చేసి, పైన పిల్లల్ని ఎక్కించి ఆడుకోమనేదట. అధికారి గడపలో నిలబడి ఉంటే పత్తి మీద కూచున్న పిల్లలు ఈ పాట ఎత్తుకునేవారట. “భయం వెయ్యలేదా నాయనమ్మా?” అంటే, “భయమేస్తేనేగదే పాడింది” అనేది. వాలంటీర్లు ఊళ్ళో పాడగా విని పిల్లలు పట్టేశారట. అదీ ఆవిడ చదివిన బడి.

చౌరీచౌరాలో హింస జరిగిందని గాంధీగారు 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆపేశారు. మా వాళ్ళు పన్నులు కట్టేశారు. బిందెలు పత్తిలోంచి బయటికొచ్చాయి. పాట మాత్రం మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

జైలు తరవాత గరిమెళ్ళవారి బతుకు ఎలా గడిచిందో వింటే మనసు చివుక్కుమంటుంది. ఉద్యోగం లేదు. మద్రాసు చేరి పత్రికల్లో పని చేశారు, తర్జుమాలు చేశారు. ఇంగ్లీషు నుంచి, తమిళం నుంచి పుస్తకాలు తెచ్చారు తెలుగులోకి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది, ఆయన కొన్నాళ్ళు “గృహలక్ష్మి”కి సంపాదకులుగా పని చెయ్యడం. ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్ళి మద్రాసులో వైద్యంతో పేరు తెచ్చుకున్న డాక్టర్ కె.ఎన్. కేసరిగారు 1928లో ఆడవాళ్ళ కోసం పెట్టిన పత్రిక అది. మన అమ్మమ్మల కాలంలో చాలా ఇళ్ళకు వచ్చేది. దొరతనాన్ని గడగడలాడించిన చెయ్యి మన ఆడవాళ్ళ వ్యాసాలు దిద్దిందన్న మాట! ఆ పత్రిక చదివిన గృహిణుల్లో ఎంతమందికి తెలుసో, ఆ పాట రాసింది ఈయనేనని.

చివరి రోజుల్లో పక్షవాతం వచ్చింది, ఒక కన్ను పోయింది. నలుగురి సాయం మీద రోజులు గడిచాయి. స్వరాజ్యం వచ్చి అయిదేళ్ళయింది. ఆయన పాటను సభల్లో పాడి చప్పట్లు కొట్టించుకున్నవారు ఎందరో ఉంటారు. 1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. తెలుగుదేశమంతా అట్టుడికిపోయింది. మూడు రోజులకు, 18న, అదే మద్రాసులో గరిమెళ్ళవారు కన్నుమూశారు. 19న నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఆ ఇద్దరి మధ్య, ఆ రెండు వార్తల మధ్య, ఈయన పోయిన సంగతి ఎంతమంది చెవిన పడిందంటారు?

పాటకు మాత్రం చావు రాలేదు. దొరలు పోయినా అందులోని గోడు పోలేదు కదా! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు, పేపర్లో ఆ ఫోటోలు చూస్తూ నేను పాటలో పుస్తెల మాట తలుచుకున్నాను. 1993లో సారా నిషేధం వచ్చింది. డెబ్భై ఏళ్ళ క్రితం ఒక మగాడు మన తరఫున అన్న మాట, ఆ ఊరి ఆడవాళ్ళు వాళ్ళ నోటితో వాళ్ళే అన్నారు.

మా నాయనమ్మ పాడిన పాటకూ అచ్చులో ఉన్న పాటకూ చాలా తేడా ఉంది. అచ్చులో లేని చరణం ఒకటి ఆవిడ పాటలో ఉండేది, అందులో పత్తి, పన్ను, బిందెలు ఉన్నాయి. ఎవరు కట్టారో! ఆవిడే కట్టిందేమోనని నా అనుమానం. అడిగితే నవ్వేసేది. ఆ చరణంలో రెండు ముక్కలే నాకు గుర్తున్నాయి, మిగతాది ఆవిడతోనే పోయింది. పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు పుట్టినవాళ్ళు ఇది చదువుతుంటే, మీ అమ్మల్నో అత్తల్నో ఒకసారి అడిగి చూడండి. ఎవరికైనా వచ్చేమో. వస్తే కాస్త రాసి పెట్టండి తల్లీ.