మన అనుమతి లేకుండా మన ఇంటిని అమ్మకానికి పెడితే ఏం చేయాలి?

వరోరాలో మన పెద్దలు కొన్న ప్లాట్లు, కట్టిన ఇళ్ళు ఇప్పుడు చాలావరకు తాళాలతో ఉంటున్నాయి. పిల్లలు నాగపూర్‌లోనో, హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో ఉంటారు. అలాంటి ఇల్లు కనిపిస్తే దలాల్ రోడ్డు మీద నుంచి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో 'అర్జంట్ సేల్' అని పెట్టేస్తాడు. కొన్నిసార్లు గోడకు బోర్డు కూడా కడతాడు. యజమానికి ఈ సంగతి ఎవరో ఫోన్ చేసి "ఇల్లు అమ్ముతున్నారట కదా" అని అడిగితేనే తెలుస్తుంది.

ఇది చిన్న విషయమని వదిలేయకూడదు. అతను చెప్పిన తక్కువ ధరే పేటలో నిలిచిపోతుంది. అంతకంటే ప్రమాదం, ఎవరో అమాయకుడి దగ్గర ఇసార్ కింద డబ్బు తీసుకుంటే ఆ తగాదా మన గడపకే వస్తుంది.

అనుమతి అంటే ఏమిటి?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెంటుకు అధికారం రాతపూర్వకంగానే ఇవ్వాలని లేదు. మాటతోనూ ఇవ్వవచ్చు, మన ప్రవర్తనను బట్టి కూడా ఇచ్చినట్టు అనుకోవచ్చు. "మంచి ధర వస్తే చూద్దాంలే" అని మర్యాదకు అన్న మాటే రేపు "నన్ను అమ్మమన్నారు" అనడానికి ఆధారమవుతుంది. అమ్మే ఉద్దేశం లేకపోతే "అమ్మడం లేదు" అని ఒక్క మాటలో చెప్పాలి.

అదే చట్టంలో 237వ సెక్షన్ మరో హెచ్చరిక. ఏజెంటుకు అధికారం ఉందని బయటివాళ్ళు నమ్మేలా యజమాని మాట్లాడినా, ప్రవర్తించినా ఆ పనికి యజమాని బాధ్యుడు కావచ్చు. కాబట్టి విషయం తెలిశాక ఊరుకోవద్దు.

మొదటి రోజు చేయాల్సినవి

1. ప్రకటన తొలగించమని అడిగే ముందే దాని స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, ఫోన్ నంబరు, ధర కనిపించాలి. బోర్డు ఉంటే ఇల్లు కూడా కనబడేలా ఫోటో తీయండి.
2. ఫోన్ చేసి అడిగినవాళ్ళ పేరు, తేదీ, వాళ్ళకు చెప్పిన ధర ఒక కాగితం మీద రాసుకోండి.
3. సాత్‌బారా లేదా ప్రాపర్టీ కార్డు తాజా నకలు తీసుకోండి. మహాభూలేఖ్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ ఈ-సర్చ్‌లో సూచీ 2 కూడా చూస్తే, మనకు తెలియకుండా దస్తావేజు ఏదైనా నమోదైందా అన్నది బయటపడుతుంది.

నోటీసు ఎలా రాయాలి

తర్వాత ఏజెంటుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వాట్సాప్‌లోనూ అదే పంపండి. మరాఠీలో రాస్తే ఇక్కడ పోలీసులకు, కోర్టుకు సులువు. అందులో ఉండాల్సిన విషయం ఇంతే:

"ఫలానా సర్వే నంబరు ఆస్తికి నేను యజమానిని. దీన్ని అమ్మడానికి గానీ, చూపించడానికి గానీ, డబ్బు తీసుకోవడానికి గానీ మీకు నేను ఎలాంటి అధికారం ఇవ్వలేదు. ప్రకటనలు, బోర్డు 3 రోజుల్లో తొలగించండి. ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకొని ఉంటే దానికి మీరే బాధ్యులు. మీకు కమిషన్ ఏమీ చెల్లించను."

పోస్టు రసీదు, పోచ్ పావతి జాగ్రత్త చేయండి. ప్రకటన వెబ్‌సైట్‌లో ఉంటే, ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి యాజమాన్య పత్రం జతచేసి రాయండి. ఆ అధికారి పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో పెట్టడం 2021 ఐటీ నిబంధనల ప్రకారం తప్పనిసరి.

పోలీసులు, మహారెరా

ఊరికే ప్రకటన పెడితే పోలీసులు సాధారణంగా సివిల్ తగాదా అంటారు. కానీ డబ్బు తీసుకున్నా, మన సంతకం ఫోర్జరీ చేసినా, తాళం పగలగొట్టి ఇల్లు చూపించినా అది నేరమే. మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, అక్రమ ప్రవేశానికి 329వ సెక్షన్ ఉన్నాయి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ తీసుకోకపోతే అదే ఫిర్యాదు పోస్టులో చంద్రపూర్ జిల్లా ఎస్పీకి పంపవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మహారెరా గురించి చాలామందికి అపోహ ఉంది. 2016 నాటి రెరా చట్టంలో ఏజెంటు రిజిస్ట్రేషన్ నియమం లేఅవుట్లు, ఫ్లాట్ల ప్రాజెక్టులకు సంబంధించింది. మన పాత ఇంటి అమ్మకంపై అక్కడ ఫిర్యాదు చేస్తే సాధారణంగా ప్రయోజనం ఉండదు. ప్రాజెక్టులోని ప్లాటునో ఫ్లాటునో రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు అమ్ముతుంటే మాత్రం మహారెరాకు రాయండి. అలాంటి ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ కోరవచ్చు. ఎదుటివాళ్ళే దావా వేస్తారని అనుమానం ఉంటే ముందుగా కేవియట్ వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. హెల్ప్‌లైన్ 15100.

కమిషన్ అడిగితే?

ఒప్పందం లేకుండా పనిచేసినవాడికి కమిషన్ హక్కు తనంతట తాను రాదు. అయితే అతను తెచ్చిన కొనుగోలుదారుకే మనం అమ్మితే, అతని పనిని ఆమోదించినట్టే అని వాదిస్తాడు. అందుకే ఇల్లు చూపించే ముందే శాతం, ఎవరు చెల్లిస్తారు, ఎన్నాళ్ళు అనేది కాగితం మీద ఉండాలి. బ్రిటన్‌లో ఫీజు వివరాలు అమ్మేవాళ్ళకు ముందుగా రాసివ్వాలన్న చట్టం ఉంది. మనం చట్టం కోసం ఎదురుచూడకుండా అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

ఇంట్లోవాళ్ళే అనుమతి ఇస్తే

ఇది చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి. చాలాసార్లు ఏజెంటు "మీ తమ్ముడే చెప్పాడు" అంటాడు, అది నిజం కూడా అవుతుంది. తండ్రి పేరున ఉన్న ఇంటికి ఆయన తర్వాత వారసులందరూ హక్కుదారులే. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన వాటా వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. ఒక్కరు తన వాటా వరకే అమ్మగలరు, అక్కచెల్లెళ్ళ వాటాకు సంతకం పెట్టలేరు. ఏజెంటుకు నోటీసు పంపేముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకసారి కూర్చొని మాట్లాడుకోండి. కోర్టులో పదేళ్ళు తేలని సంగతి ఒక సాయంత్రంలో తేలవచ్చు.

ముందుజాగ్రత్తలు

- పెద్దవాళ్ళు పోయాక వారస్ నోంద్ చేయించండి. భూమి మీద హక్కు వచ్చిన 3 నెలల్లో తలాఠీకి తెలపాలని మహారాష్ట్ర భూ రెవెన్యూ కోడ్ చెబుతోంది.
- ఖాళీ ప్లాటుకు కంచె వేసి, "ఈ స్థలం అమ్మకానికి లేదు" అని మరాఠీలో బోర్డు పెట్టండి.
- నగర్ పరిషత్ పన్ను ఏటా కట్టి రసీదులు దాచండి.
- అసలు పత్రాలు గానీ, సంతకం పెట్టిన ఖాళీ కాగితం గానీ ఏజెంటు చేతికి ఇవ్వకండి.
- ఎవరికైనా ముఖత్యార్‌పత్రం ఇచ్చి ఉంటే, అవసరం తీరాక రద్దు చేసి, రద్దు సంగతి వాళ్ళకు రాతపూర్వకంగా తెలపండి.
- పక్కింటివాళ్ళకు మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి. బోర్డు కనపడగానే చెప్పేది వాళ్ళే.

కొనేవాళ్ళకూ ఒక మాట. యజమానులందరితో స్వయంగా మాట్లాడకుండా, పత్రాలు చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇసార్ ఇవ్వకండి. ఆ మోసపోయే కొనుగోలుదారు కూడా మన తెలుగువాడే కావచ్చు.