చదరంగపు సంఖ్యకు 17 కాపలా: పావులూరి మల్లన పద్యపాఠంపై ఒక పరిశీలన

మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో చదరంగం లెక్క ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615. ఈ 20 అంకెలనూ కవి భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు వాడే మాటల్లో, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడిపించాడు. ఉదాహరణకు శరం 5, రంధ్రం 9, వియత్తు 0, కుంజరం 8. దీన్ని చమత్కారంగా మెచ్చుకుని వదిలేయడం న్యాయం కాదు. పద్యపాఠాన్ని సరిచూసే సాధనం ఈ సంఖ్యలోనే ఉంది.

ముందుగా పరిమాణం. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు, ఘనమీటరు బియ్యం 800 కిలోలు అనుకుందాం. మొత్తం బరువు దాదాపు 36,900 కోట్ల టన్నులు. కొండపల్లి కొండల నుంచి హంసలదీవి సాగరసంగమం దాకా, 8,727 చదరపు కిలోమీటర్ల పాత కృష్ణా జిల్లా అంతటా పరిస్తే 50 మీటర్లకు పైగా మందాన పేరుకుంటుంది.

ఇక నిర్మాణం. 2ను వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, ఆపైన 256, 65536, 4294967296. ఆరోసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే మన సంఖ్య వస్తుంది. రెండు వర్గాల భేదం సూత్రాన్ని అదే మెట్ల మీదుగా వెనక్కి నడిపిస్తే ఇది 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. పై మెట్లకు ఒక్కొక్కటి కలిపితే వచ్చే ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఈ వరస అంతా ప్రధానాంకాలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ చివరిదాన్ని 641, 6700417లుగా విడగొట్టి ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు.

వీటిలో పాఠపరిష్కర్తకు అక్కరకొచ్చేది 17. లేఖకుడు ‘రంధ్ర’ బదులు ‘తర్క’ రాశాడనుకుందాం. రెండూ గురువు, లఘువు ఉన్న మాటలే కాబట్టి ఛందస్సు చెడదు. యతి, ప్రాసలకూ భంగం లేదు. అంకె మాత్రం 9 నుంచి 6కు మారింది. అంకెల మొత్తం 87 కాస్తా 84 అవుతుంది. రెండూ 3తో భాగింపబడేవే కనుక ఆ పరీక్షకూ తప్పు దొరకదు. 17తో భాగిస్తే మాత్రం 7 మిగిలి తప్పు బయటపడుతుంది. సరైన పాఠానికి శేషం ఉండదు, భాగఫలం 1085102592571150095.

ఇది ఒక్క ఉదాహరణకే చెల్లే మాట కాదు. ఏదైనా ఒక్క అంకె తప్పితే వచ్చే తేడా, 1 నుంచి 9 లోపు అంకెను పది ఘాతంతో గుణించినది. దాన్ని 17 నిశ్శేషంగా భాగించలేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా, ఆ రెండు అంకెల భేదానికి 9 రెట్లను పది ఘాతంతో గుణించినది, అదీ 17కు లొంగదు. రెండు వేర్వేరు చోట్ల తప్పులుంటే 17 ఒక్కటే చాలకపోవచ్చు. అప్పుడు 257, 65537లతో కూడా భాగించి చూడాలి.

ఇంత బలమైన పరీక్షకు కావలసింది కాగితం, కలం మాత్రమే. మల్లన తెలుగుసేత అయిన పావులూరి గణితం తాళపత్రాలను పరిష్కరించేవారు ఈ పద్యం దగ్గర పాఠాంతరం కనిపించినప్పుడు, ప్రతుల వయసు ఎంచేముందు సంఖ్యను 17తో భాగించి చూడవలసిందిగా మనవి.