ఏడు చక్రాలు - ఏడు గ్రంథులు: ఈ లెక్క ఎవరు వేశారు?

ఖరగ్‌పూర్‌లో మా మలంచా వైపు తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డవారి మనవలు, మునిమనవలు మేమంతా. మంచీ చెడూ రెండూ మాతోపాటే వచ్చాయి. అమ్మవారి జాతర్లు వచ్చాయి, జాతకాలూ వచ్చాయి. ఈమధ్య వాటికి కొత్త సరుకు ఒకటి తోడయింది. "మన ఋషులు చెప్పిన ఏడు చక్రాలే ఈనాటి డాక్టర్లు చెప్పే ఏడు వినాళ గ్రంథులు. మూలాధారం అంటే అధివృక్క గ్రంథి, విశుద్ధం అంటే థైరాయిడ్, ఆజ్ఞ అంటే పీయూష గ్రంథి, సహస్రారం అంటే పీనియల్. పాశ్చాత్యులు సూక్ష్మదర్శినితో చూసినదాన్ని మనవాళ్ళు దివ్యదృష్టితో ఎప్పుడో చూశారు" అని చదువుకున్నవాళ్ళే చెబుతున్నారు.

వినడానికి బాగానే ఉంది. కానీ హేతువాది వేయాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒక గ్రంథిని "తెలుసుకోవడం" అంటే ఏమిటి? మెడలో ఏదో ఉందని చెబితే చాలునా? అది ఏ కణాలతో తయారైంది, ఆ కణాలు ఏం స్రవిస్తాయి, దాన్ని తీసేస్తే ఏమవుతుంది, ఆ స్రావాన్ని తిరిగి ఇస్తే ఏమవుతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికినప్పుడే తెలిసినట్టు. ఆ జవాబులు ఎలా దొరికాయో చూద్దాం.

ముందుగా ఒక మాట. ఈ విషయంలో పాశ్చాత్యులూ తక్కువ తప్పులు చేయలేదు. మెదడులోని మలినం శ్లేష్మంగా మారి పీయూష గ్రంథి ద్వారా ముక్కులోకి దిగుతుందని వందల ఏళ్ళు నమ్మారు. ఆ గ్రంథికి ఐరోపావాళ్ళు పెట్టిన పేరుకు అర్థమే శ్లేష్మం. 17వ శతాబ్దంలో ష్నైడర్, లోయర్ అనే వైద్యులు మెదడుకీ ముక్కుకీ మధ్య అలాంటి దారి లేదని చూపేదాకా ఆ నమ్మకం చెల్లింది. 1656లో థామస్ వార్టన్ థైరాయిడ్‌కు ఆ పేరు పెట్టాడు. దాని పనుల్లో ఒకటి మెడకు నిండుదనం, ముఖ్యంగా ఆడవాళ్ళకు అందం ఇవ్వడం అని రాశాడు! ఆధునిక తత్వశాస్త్రానికి పితామహుడనే డెకార్ట్ పీనియల్ గ్రంథిని ఆత్మకు ప్రధాన నివాసం అన్నాడు. ఎందుకట? మెదడులో మిగతా భాగాలన్నీ జంటలుగా ఉంటే అది ఒక్కటే ఉందట. ఊహకు ఇక్కడా అక్కడా తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. వాళ్ళ ఊహల్ని వాళ్ళ తర్వాతివాళ్ళు పరీక్షకు పెట్టారు, తేలనివాటిని అవతల పారేశారు.

సూక్ష్మదర్శిని చూపించింది, చూపించలేనిది

లాలాజల గ్రంథికి నాళం ఉంటుంది. స్రావం దాని గుండా నోట్లోకి వస్తుంది. మరి థైరాయిడ్‌కు, అధివృక్క గ్రంథికి నాళమే లేదు. ఇవి స్రవించేది ఎటు పోతుంది? సూక్ష్మదర్శిని కింద చూస్తే ప్రతి కణాల గుంపునీ అల్లుకుని సన్నని రక్తకేశనాళికల వల కనిపిస్తుంది. స్రావం నేరుగా రక్తంలో కలుస్తుందన్నమాట. ఇప్పుడు ఇంత తేలిగ్గా చెప్పేస్తున్నాం గానీ, ఇది తేలడానికి చాలా కాలం పట్టింది.

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం క్లోమాన్ని పరిశీలించాడు. జీర్ణరసం తయారుచేసే కణాల మధ్య అక్కడక్కడా వేరే రకం చిన్న కణాల గుంపులు కనిపించాయి. అవేం చేస్తాయో తనకు తెలియదని నిజాయితీగా రాశాడు. గమనించండి, కళ్ళతో చూసినా పని తెలియలేదు! 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1893లో లాగెస్ ఆ కణాల గుంపులకు లాంగర్‌హాన్స్ పేరు పెట్టి, రక్తంలోకి స్రవించేవి ఇవే కావచ్చన్నాడు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ స్రావాన్ని వేరుచేశారు. 1922 జనవరిలో చావుబతుకుల్లో ఉన్న ఒక కుర్రవాడికి ఇన్సులిన్ ఎక్కించారు. చూడడానికీ బతికించడానికీ మధ్య 53 ఏళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళ పనిని "దివ్యదృష్టి" అనే ఒక్క మాటతో ఎగరేసుకుపోవడం ఎంత సులువు!

ఈ దారిలో పెద్ద శాస్త్రవేత్తలూ బోల్తా పడ్డారు. అధివృక్క గ్రంథులు లేకపోతే జంతువు బతకదని 1856లో చూపిన బ్రౌన్-సెకార్, 1889లో 72వ ఏట కుక్కల, గినీపిగ్‌ల వృషణాల రసం తనకు తానే ఎక్కించుకుని యవ్వనం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. నీటితో తీసిన ఆ రసంలో పనిచేసేంత హార్మోను ఉండే అవకాశమే లేదు. ఆయనకు కలిగిన ఉత్సాహం నమ్మకం వల్ల కలిగిందే. అంత పెద్దమనిషి చెప్పాడు కదా అని శాస్త్రం దాన్ని మోయలేదు.

ఇక లెక్క సంగతి. గ్రంథులు ఏడేనా? థైరాయిడ్ వెనక అతుక్కుని సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. మొదట లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన మన భారతీయ ఖడ్గమృగాన్ని కోసినప్పుడు రిచర్డ్ ఓవెన్ కంటబడ్డాయి. మనిషిలో వాటిని 1880లో స్వీడన్ విద్యార్థి సాండ్‌స్ట్రోమ్ వర్ణించాడు. రక్తంలో కాల్షియంను నిలిపి ఉంచేవి ఇవే. వీటికి ఏ చక్రం? అధివృక్క గ్రంథిని అడ్డంగా కోస్తే పైన మూడు పొరల వల్కలం, లోపల దవ్వ ఉంటాయి. పిండదశలో వల్కలం ఒక కణజాలం నుంచి, దవ్వ నాడీ సంబంధమైన మరో కణజాలం నుంచి పుడతాయి. పీయూష గ్రంథి ముందు భాగం పిండం నోటి పైకప్పు నుంచి, వెనక భాగం మెదడు నుంచి వస్తాయి. పేరుకు ఒక్కటే గానీ, నిజానికి ఇవి రెండేసి గ్రంథులు. పైగా గుండె, మూత్రపిండాలు, పేగులు, చివరికి కొవ్వు కూడా హార్మోన్లు స్రవిస్తాయని తేలింది. ఏడు అంకె ఎప్పుడో దాటిపోయింది.

మరి చక్రాల చరిత్ర?

తమాషా ఇక్కడే ఉంది. మనకిప్పుడు చెబుతున్న చక్రాల పట్టికకు ప్రధాన ఆధారం పూర్ణానందుడు 1577లో రాసిన షట్చక్ర నిరూపణ. అందులో పద్మాలు, దళాలు, బీజాక్షరాలు, దేవతలు ఉన్నారు. కణాలు లేవు, స్రావాలు లేవు. గ్రంథి చెడితే వచ్చే జబ్బూ లేదు.

ఆర్యసమాజ స్థాపకుడు దయానంద సరస్వతి ఈ విషయాన్ని పరీక్షించి చూశాడు. యువ సన్యాసిగా తిరిగే రోజుల్లో గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, తన దగ్గరున్న యోగ గ్రంథాల్లోని వర్ణనతో పోల్చి చూశాడట. ఏదీ సరిపోలేదు. ఆ పుస్తకాలను చింపి శవంతోపాటే నదిలో వదిలేశాడు. ఇది ఎవరో నాస్తికుడు కల్పించిన కథ కాదు. 1879 నుంచి ది థియోసఫిస్ట్ పత్రికలో వచ్చిన ఆయన స్వీయచరిత్రలోనిదే.

అదే పత్రికలో 1888లో బామన్ దాస్ బసు చక్రాలు అంటే నాడీ వలయాలు అని రాశాడు. అప్పటి వైద్యంలో నాడులదే రాజ్యం. 1927లో బొంబాయి డాక్టరు వసంత్ రేలే కుండలిని అంటే వేగస్ నాడి అన్నాడు. ఈలోగా 1905లో స్టార్లింగ్ "హార్మోను" అనే మాట తెచ్చాడు, గ్రంథుల గురించి జనం మాట్లాడుకోవడం మొదలైంది. 1930లో ఆలిస్ బెయిలీ అనే ఆంగ్ల మహిళ చక్రాలను వినాళ గ్రంథులతో జతచేస్తూ పుస్తకం రాసింది. అంటే "మన ఋషులు చెప్పిన" ఈ జంట పట్టిక ఊపందుకున్నది ఆంగ్లేయుల పుస్తకాల్లో! షట్చక్ర నిరూపణను ఇంగ్లీషులోకి తెచ్చిన కలకత్తా హైకోర్టు జడ్జి వుడ్రాఫ్ తాంత్రిక విద్యను ఎంతో గౌరవించినవాడు. ఆయనే చక్రాలను దేహంలోని నాడీ వలయాలతో ఒకటి చేయవద్దని హెచ్చరించాడు.

నాడులు ఫ్యాషన్‌గా ఉన్నప్పుడు చక్రం నాడి, హార్మోన్లు ఫ్యాషనైనప్పుడు గ్రంథి. రేపు జన్యువు అన్నా ఆశ్చర్యం లేదు. శాస్త్రం ఏది కనుక్కుంటే దాన్ని వెనక నుంచి వచ్చి పట్టుకునే సిద్ధాంతం, ముందుగా ఒక్కటైనా కనుక్కుందా?

శ్రీకాకుళం మనిషి, చిటికెడు ఉప్పు

గ్రంథి గురించి నిజంగా తెలుసుకుంటే ఏం చేయగలమో చూపినవాడు మనవాడే. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివాడు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేశాడు. 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అదే. తర్వాత ఢిల్లీలోని ఎయిమ్స్ డైరెక్టరయ్యాడు.

థైరాయిడ్ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రటి పుటికలు కనిపిస్తాయి. ఒకే వరస కణాలు గోడకట్టినట్టు ఉంటాయి, మధ్యలో జిగురులాంటి కొల్లాయిడ్. అందులో నెలల తరబడి సరిపోయే హార్మోను నిల్వ ఉంటుంది. ఆ హార్మోనుకు అయోడిన్ కావాలి. అందకపోతే హార్మోను తగ్గుతుంది, పీయూష గ్రంథి ఇంకా పనిచేయమని సంకేతాలు పెంచుతుంది, పుటికల గోడలోని కణాలు పొడవుగా సాగి సంఖ్యలో పెరుగుతాయి, మెడ ఉబ్బుతుంది. అదే గాయిటర్. మెడ వాపుతో పోతే సరే, తల్లి కడుపులో ఉండగా అయోడిన్ అందని బిడ్డ మెదడు దెబ్బతింటుంది. అలాంటి బిడ్డను చూసి పూర్వజన్మ కర్మ అనేవాళ్ళకు మన దేశంలో కరువా?

రామలింగస్వామి బృందం 1956లో కాంగ్రా లోయను మూడు మండలాలుగా విభజించింది. మొదట బడిపిల్లల్లో నూటికి దాదాపు 38 మందికి గాయిటర్ ఉంది. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళలో ఆ రెండింటిలో గాయిటర్ బాగా తగ్గింది, మూడోదాంట్లో తగ్గలేదు. ఫలితం తేలాక మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లోనే జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఆ మూడో మండలం పిల్లలు ఆరేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చిందన్నది మనం మరిచిపోకూడని సంగతి. కానీ ఆ పోలిక లేకపోతే తగ్గింది అయోడిన్ వల్లా, తిండి మారడం వల్లా అని ఎవరు తేల్చగలిగేవారు?

హౌరా నుంచి మన ఊళ్ళకు పోయే రైలు దారిలోనే నౌపడ వస్తుంది. అక్కడ ఉప్పు మడులు ప్రసిద్ధం. సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎండబెట్టిన ఉప్పులో మిగిలేది లెక్కలోకి రానంత. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే, కానీ అదీ కలపందే రాదు. తినే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేసిన నిషేధం 1998లో వచ్చింది, 2000లో ఎత్తేశారు, 2006లో తిరిగి అమలయ్యింది. ఇప్పుడు అదే ఉప్పును "రసాయనం" అని పక్కన పెట్టి, "హిమాలయ ఉప్పు" పేరుతో గులాబీ రాతి ఉప్పు కొంటున్నారు. గాయిటర్‌కు పేరుమోసిన హిమాలయాల పేరే దానికి పెట్టడం చూస్తే రామలింగస్వామి ఏమనేవాడో!

ఈ వాదనంతా పుస్తకాల తగువు అయితే వదిలేయొచ్చు. విశుద్ధ చక్రం మీద ధ్యానం చేస్తే థైరాయిడ్ బాగవుతుందని నమ్మి థైరాక్సిన్ మాత్ర మానేస్తే ఏమవుతుంది? మొదటి కొన్ని వారాలు తేడా తెలియకపోవచ్చు. ఒంట్లో మిగిలి ఉన్న హార్మోను మెల్లగా తగ్గుతుంది కాబట్టి. అదే ధ్యానం మహిమగా కనిపిస్తుంది. గర్భిణి అలా మానేస్తే మూల్యం బిడ్డ చెల్లిస్తుంది. ధ్యానం చేసుకునేవాళ్ళు చేసుకోండి, మనసు కుదుటపడితే మంచిదే. మాత్ర మాత్రం మానకండి, ఉప్పు ప్యాకెట్ మీద "అయోడైజ్డ్" అన్న మాట చూసి కొనండి. చక్రాల లెక్క చెప్పేవాళ్ళు ఎదురైతే ఒక్కటే అడగండి: ఆ ఏడింటిలో పారాథైరాయిడ్ ఎక్కడ?